బాక్టీరియా కణం పెరుగుదల, బాహ్య త్వచ నియంత్రణ: ఒక పరిశోధనా చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:

• కణ త్వచం, కణకవచం, బాహ్య త్వచం అనే మూడు భావనలు చరిత్రలో ఏ క్రమంలో రూపుదిద్దుకున్నాయో వివరించగలుగుతారు.
• కణకవచం పెరగాలంటే అందులోని కొన్ని బంధాలను తెంచడం ఎందుకు తప్పనిసరో చెప్పగలుగుతారు.
• ఈ విషయంలో హైదరాబాద్‌లోని సీసీఎంబీలో జరిగిన పరిశోధనల ప్రాముఖ్యాన్ని అంచనా వేయగలుగుతారు.
• సూక్ష్మజీవనాశక మందులకు లొంగని బాక్టీరియా సమస్యకూ ఈ పరిశోధనలకూ ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.

1. పరిచయం

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు నీటిలో గానీ, ఆ పక్కనే శేరిగూడలోని ఏదో ఒక మురుగు కాలువలో గానీ కోట్లాది బాక్టీరియాలు జీవిస్తుంటాయి. పలచని నీటిలో బతికే బాక్టీరియా కణానికి ఒక సమస్య ఎప్పుడూ ఉంటుంది. కణం లోపల లవణాలు, అమినో ఆమ్లాలు, ప్రోటీన్లు గాఢంగా ఉంటాయి. బయటి నీటిలో అవి చాలా తక్కువ. అందువల్ల ద్రవాభిసరణం ద్వారా నీరు ఎడతెగకుండా లోపలికి వస్తుంది. లోపలి పీడనం బయటి పీడనం కంటే ఎక్కువవుతుంది. కణాన్ని గట్టిగా పట్టి ఉంచే కవచం లేకపోతే అది ఉబ్బి పగిలిపోతుంది.

అయితే అదే కణం పెరగాలి కూడా. మన పేగుల్లో ఉండే ఎష్‌రీషియా కోలై (ఇ. కోలై) అనే బాక్టీరియం మంచి పోషక యానకంలో సుమారు 20 నిమిషాలకొకసారి రెండుగా విభజన చెందుతుంది. అంటే ఆ కొద్ది సమయంలోనే తన కవచాన్నీ, దాని మీద ఉన్న బాహ్య త్వచాన్నీ రెట్టింపు చేసుకోవాలి. ఈ పని జరుగుతున్నంతసేపూ ఒక్క క్షణం కూడా కవచంలో చిల్లు పడకూడదు. కాపురం ఉంటున్న ఇంటి గోడలను, పైకప్పు కూలకుండా, లోపలివాళ్ళు బయటికి రాకుండా వెడల్పు చేయడం లాంటిది ఈ పని.

కణం దీన్ని ఎలా సాధిస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన చరిత్రే ఈ పాఠం. చాలాకాలం పరిశోధకుల దృష్టి కవచం ఎలా నిర్మితమవుతుందన్న దానిమీదే ఉంది. పాత బంధాలను తెంచడం, తెంచే ఎంజైములను అదుపులో ఉంచడం కూడా నిర్మాణంలో భాగమేనని స్పష్టమైంది ఈ శతాబ్దంలోనే. అందులో ముఖ్యమైన అంకం హైదరాబాద్‌లో జరిగింది.

2. త్వచం అనే భావన

కణం చుట్టూ ఒక పలుచని పొర ఉండాలని శాస్త్రవేత్తలు దాన్ని చూడకముందే ఊహించారు. 1890ల్లో జ్యూరిక్‌లో పనిచేసిన ఎర్నెస్ట్ ఓవర్టన్ ఏ పదార్థాలు కణంలోకి సులభంగా వెళ్తాయో పరీక్షించాడు. కొవ్వులో కరిగే పదార్థాలు త్వరగా లోపలికి పోతున్నాయని గమనించి, కణం సరిహద్దు కొవ్వులాంటి పదార్థంతో తయారై ఉంటుందని భావించాడు. 1925లో నెదర్లాండ్స్‌కు చెందిన గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల నుంచి లిపిడ్లను వేరుచేసి నీటి మీద పరిచారు. ఆ పొర వైశాల్యం కణాల ఉపరితల వైశాల్యానికి సుమారు రెండింతలు వచ్చింది. అంటే త్వచంలో లిపిడ్లు రెండు వరుసలుగా ఉన్నాయన్నమాట. 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన ద్రవ మొజాయిక్ నమూనా ఈ రెండు వరుసల లిపిడ్లలో ప్రోటీన్లు తేలియాడుతున్నట్లు వర్ణించింది. ఈ నమూనాను మీరు కణజీవశాస్త్రం పాఠాల్లో చదివే ఉంటారు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. లిపిడ్ త్వచం పదార్థాల రాకపోకలను నియంత్రించగలదు కానీ లోపలి పీడనాన్ని ఎక్కువసేపు తట్టుకోలేదు. బాక్టీరియాకు దానితో పాటు గట్టి కవచం కూడా అవసరం.

3. గ్రామ్ రంగు నుంచి పెన్సిలిన్ వరకు

1884లో డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్, బెర్లిన్‌లో పనిచేస్తున్నప్పుడు, ఒక అద్దక పద్ధతిని ప్రచురించాడు. కొన్ని బాక్టీరియాలు ఊదా రంగును నిలుపుకున్నాయి. మరికొన్ని ఆల్కహాల్‌తో కడగగానే దాన్ని వదిలేశాయి. మొదటివాటిని గ్రామ్ ధనాత్మక, రెండోవాటిని గ్రామ్ రుణాత్మక బాక్టీరియాలని నేటికీ పిలుస్తున్నాం. ఈ తేడాకు మూలం కవచ నిర్మాణంలో ఉందన్న సంగతి తెలియడానికి ఇంకా అనేక దశాబ్దాలు పట్టింది.

కవచం ప్రాముఖ్యాన్ని బయటపెట్టింది ఒక మందు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించాడు. 1940ల నాటికి అది ప్రాణాలను నిలిపే ఔషధమైంది. కానీ అది బాక్టీరియాను ఎలా చంపుతుందో అప్పటికి తెలియదు. 1949లో జేమ్స్ పార్క్, మార్విన్ జాన్సన్ పెన్సిలిన్ ఇచ్చిన స్టాఫిలోకాకస్ కణాల్లో యురిడిన్ ఉన్న కొన్ని పదార్థాలు పేరుకుపోతున్నాయని చూపారు. కవచానికి కావలసిన ముడిసరుకు తయారవుతోంది గానీ కవచంలోకి చేరడం లేదని తరువాత అర్థమైంది. 1956లో జాషువా లెడర్‌బర్గ్ చేసిన ప్రయోగం ఇంకా స్పష్టమైనది. చక్కెర కలిపిన గాఢమైన యానకంలో పెన్సిలిన్ ఇచ్చినప్పుడు ఇ. కోలై కణాలు చావలేదు, కడ్డీ రూపం కోల్పోయి గుండ్రంగా మారాయి. అదే మామూలు నీటిలో అయితే పగిలిపోయాయి. బయటి ద్రవం గాఢంగా ఉన్నప్పుడు కవచం లేకపోయినా కణం బతుకుతుంది, పలచనైతే బతకదు. 1965లో టిప్పర్, స్ట్రోమింజర్ పెన్సిలిన్ అణువు కవచంలోని ఒక చిన్న భాగాన్ని పోలి ఉంటుందని, అందుకే కవచాన్ని అల్లే ఎంజైములు దాన్ని పట్టుకుని మోసపోతాయని వివరించారు.

4. సంచి, దానిమీద మరో పొర

1964లో జర్మనీలో వైడెల్, పెల్జర్ కణకవచాన్ని ఒకే ఒక పెద్ద అణువుగా, కణం ఆకారంలో ఉన్న సంచిగా వర్ణించారు. ఈ సంచి పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో తయారవుతుంది. చక్కెర అణువుల పొడవాటి గొలుసులు, వాటిని అడ్డంగా కలిపే చిన్న పెప్టైడ్ బంధాలు ఇందులో ఉంటాయి. చేపలు పట్టే వలను ఊహించుకోండి. నిలువు దారాలు చక్కెర గొలుసులు, వాటిని కలిపే ముడులు పెప్టైడ్ బంధాలు. గ్రామ్ ధనాత్మక బాక్టీరియాలో ఈ వల అనేక వరుసల మందంతో ఉంటుంది. గ్రామ్ రుణాత్మక బాక్టీరియాలో చాలా పలుచగా ఉంటుంది.

గ్రామ్ రుణాత్మక కణానికి ఈ పలుచని వల మీద మరో త్వచం ఉంటుంది. అదే బాహ్య త్వచం. 1960ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద దీని రూపం కనిపించింది. 1972లో మేరీ జేన్ ఆస్బర్న్ బృందం సాల్మొనెల్లా కణాల లోపలి త్వచాన్నీ బాహ్య త్వచాన్నీ విడదీసి, రెండింటి కూర్పూ వేరని చూపింది. బాహ్య త్వచం లోపలి వరుసలో ఫాస్ఫోలిపిడ్లు, బయటి వరుసలో లైపోపాలిశాకరైడ్ ఉంటాయి. 1976లో హిరోషి నికైడో, తైజి నకాయె ఈ త్వచంలో నీటిలో కరిగే చిన్న అణువులు దూరగలిగే ప్రోటీన్ రంధ్రాలు ఉన్నాయని నిరూపించారు. వాటినే పోరిన్లు అంటారు. పెద్ద అణువులను, అనేక మందులను ఈ త్వచం బయటే ఆపేస్తుంది.

బాహ్య త్వచం వలకు అతుక్కుని ఎలా ఉంటుంది? 1969లో ఫోల్కమార్ బ్రౌన్ దీనికి సమాధానం కనుగొన్నాడు. ఒక చిన్న లైపోప్రోటీన్ ఒక చివర బాహ్య త్వచంలో గుచ్చుకుని, రెండో చివర పెప్టిడోగ్లైకాన్‌కు రసాయన బంధంతో కట్టి ఉంటుంది. దీన్ని బ్రౌన్ లైపోప్రోటీన్ అంటారు. బట్టకు లోపలి గుడ్డను కలిపి ఉంచే కుట్లలాంటివి ఇవి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

(అ) లెడర్‌బర్గ్ ప్రయోగంలో చక్కెర పాత్ర ఏమిటి?
(ఆ) బాహ్య త్వచం రెండు వరుసల కూర్పులో తేడా ఏమిటి?

5. తేలని ప్రశ్న: వల ఎలా పెద్దదవుతుంది?

వలను పెద్దది చేయాలనుకోండి. అన్ని వైపులా ముడులు బిగించి ఉన్న వలలో కొత్త దారాన్ని చొప్పించాలంటే ముందు కొన్ని ముడులు విప్పాలి. పెప్టిడోగ్లైకాన్ విషయంలోనూ తర్కం ఇదే. అయితే ముడులు ఎక్కువగా విప్పితే లోపలి పీడనానికి కణం పగిలిపోతుంది. కాబట్టి కొత్త పదార్థాన్ని ముందుగా అమర్చి, ఆ తరువాతే పాత బంధాన్ని తెంచాలని ఆర్థర్ కోచ్ వంటివారు వాదించారు. 1998లో యోఖిమ్ హోల్ట్యె అప్పటివరకు తెలిసిన విషయాలను క్రోడీకరిస్తూ, కట్టే ఎంజైములూ తెంచే ఎంజైములూ కలిసి పనిచేసే ఒక నమూనాను వివరించాడు.

నమూనా బాగుంది, కానీ దానికి జన్యుపరమైన రుజువు దొరకలేదు. ఇ. కోలైలో పెప్టిడోగ్లైకాన్‌ను తెంచే ఎంజైములు చాలా ఉన్నాయి. వాటిలో అనేకం ఒకేసారి లేకుండా చేసినా కణాలు పెరుగుతూనే ఉన్నాయి. విభజన తరువాత పిల్ల కణాలు విడిపోలేక గొలుసులుగా మిగిలాయి, అంతే. అందువల్ల పెరుగుదలకు తెంచడం నిజంగా అవసరమా అన్న సందేహం మిగిలిపోయింది. 2007లో గ్రామ్ ధనాత్మక బాక్టీరియమైన బాసిల్లస్ సబ్టిలిస్‌లో రెండు ఎంజైములు కలిసి లేకపోతే కణం బతకదని తేలింది. గ్రామ్ రుణాత్మక బాక్టీరియా విషయంలో మాత్రం ప్రశ్న అలాగే ఉంది.

6. హైదరాబాద్‌లో దొరికిన సమాధానం

సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) 1977లో, అప్పటి రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీలోని జీవరసాయన విభాగం కేంద్రంగా మొదలైంది. దాని వ్యవస్థాపక సంచాలకుడు డా. పుష్ప మిత్ర భార్గవ. ఉప్పల్ రోడ్డులోని ప్రాంగణాన్ని 1987 నవంబరు 26న జాతికి అంకితం చేశారు. ఈ సంస్థలో డా. మంజులా రెడ్డి నాయకత్వంలోని బృందం ఇ. కోలై కవచం పెరుగుదల మీద పనిచేసింది. ఖరీదైన కొత్త పరికరం కంటే పాతకాలపు జన్యుశాస్త్ర తర్కానికే వారు ప్రాధాన్యమిచ్చారు. ఒక జన్యువు లోపిస్తే కణం ఏ పరిస్థితుల్లో కష్టపడుతుంది, మరే జన్యువు ఎక్కువైతే ఆ కష్టం తీరుతుంది అని చూడడమే ఆ పద్ధతి.

ఎస్‌పిఆర్ అనే జన్యువు లోపించిన ఇ. కోలై ఎక్కువ ఉష్ణోగ్రతలో, లవణాలు తక్కువగా ఉన్న యానకంలో పెరగలేదు. ఇది కవచ బలహీనతను సూచించే లక్షణం. ఈ లోపాన్ని తీర్చగల జన్యువులను వెతికినప్పుడు మరో రెండు దొరికాయి. ఈ మూడు జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు మూడూ ఒకే పని చేస్తున్నాయి. అవి పెప్టిడోగ్లైకాన్‌లోని అడ్డ బంధాలను తెంచుతున్నాయి. వాటికి మెప్-ఎస్, మెప్-ఎమ్, మెప్-హెచ్ అనే పేర్లు స్థిరపడ్డాయి.

2012లో ప్రచురితమైన ఈ పరిశోధనలోని కీలక ప్రయోగం ఇది. మూడు ఎంజైములూ లేని కణం పెరగలేదు. వాటి సరఫరాను అవసరమైనప్పుడు ఆపగలిగే విధంగా తయారుచేసిన కణాల్లో, సరఫరా ఆగగానే కొత్త పెప్టిడోగ్లైకాన్ కవచంలోకి చేరడం నిలిచిపోయింది. కణాలు త్వరలోనే పగిలిపోయాయి. ఈ ఫలితాన్ని జాగ్రత్తగా గమనించండి. తెంచే ఎంజైములు లేకపోతే కవచం మరింత గట్టిపడి కణం క్షేమంగా ఉంటుందని అనిపించవచ్చు. జరిగింది దానికి విరుద్ధం. విప్పేవారు లేకపోతే కట్టేవారికి పని చేసే చోటే ఉండదు. మునుపటి ప్రయోగాలు ఈ విషయాన్ని ఎందుకు పట్టుకోలేకపోయాయో కూడా దీనితో అర్థమవుతుంది. మూడింటిలో ఏ ఒక్కటి మిగిలినా తక్కినవాటి లోటును కొంతవరకు పూడుస్తుంది. మూడింటినీ కలిపి చూస్తేనే నిజం బయటపడింది.

7. కత్తెరకు కళ్ళెం

కవచాన్ని తెంచే ఎంజైమును కణం తన ఒంట్లోనే ఉంచుకోవడం ప్రమాదకరం. మరి దాన్ని అదుపు చేసేది ఏది? దీనికి ఆధారం పాత పరిశోధనలోనే ఉంది. 1996లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక విచిత్రమైన విషయాన్ని నమోదు చేశారు. పిఆర్‌సి అనే ప్రోటీన్‌ను లేకుండా చేసిన ఇ. కోలై కొన్ని పరిస్థితుల్లో పెరగలేదు. కానీ అదే కణంలో ఎస్‌పిఆర్ జన్యువును కూడా పాడుచేస్తే మళ్ళీ పెరిగింది. ఎస్‌పిఆర్ అన్న పేరు పుట్టిందే ఈ లక్షణం నుంచి. రెండు లోపాలు కలిస్తే కణం ఎందుకు కోలుకుంటుందో అప్పటికి తెలియలేదు.

2015లో సీసీఎంబీ బృందం ఈ చిక్కుముడి విప్పింది. పిఆర్‌సి ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైము. బాహ్య త్వచంలో ఉండే ఎన్‌ఎల్‌పి-ఐ అనే లైపోప్రోటీన్ సహాయంతో అది మెప్-ఎస్‌ను పట్టుకుని నాశనం చేస్తుంది. పిఆర్‌సి లేకపోతే మెప్-ఎస్ పేరుకుపోయి కవచాన్ని మితిమీరి తెంచుతుంది. ఎస్‌పిఆర్ జన్యువును కూడా తీసేస్తే అదనపు కత్తెరలు ఉండవు కాబట్టి కణం కోలుకుంటుంది. కణం వేగంగా పెరుగుతున్న దశలో మెప్-ఎస్ ఎక్కువగానూ, పెరుగుదల ఆగిన దశలో తక్కువగానూ ఉంటుందని కూడా ఈ పని చూపింది. అంటే పెరుగుదల వేగాన్ని బట్టి ఎంజైము మోతాదు మారుతోంది. దాదాపు ఇరవై ఏళ్ళ క్రితపు పరిశీలనకు ఇలా అర్థం దొరికింది.

8. బాహ్య త్వచంలో సమతుల్యం

కవచం పెరిగితే సరిపోదు, దానిమీది బాహ్య త్వచం కూడా అదే నిష్పత్తిలో పెరగాలి. అందులో లైపోపాలిశాకరైడ్, ఫాస్ఫోలిపిడ్ రెండూ సరైన పాళ్ళలో ఉండాలి. ఈ రెండింటి తయారీకి ఒకే కొవ్వు ఆమ్ల ముడిసరుకు కావాలి. ఒకదానికి ఎక్కువ ఖర్చయితే రెండోదానికి కొరత వస్తుంది.

లైపోపాలిశాకరైడ్ తయారీ దారిని నిర్ణయించే ఎంజైము ఎల్‌పిఎక్స్-సి. 1999లో జపాన్‌లో తెరు ఒగురా బృందం, లోపలి త్వచంలోని ఎఫ్‌టిఎస్-హెచ్ అనే ప్రోటీన్ ఛేదక ఎంజైము దీన్ని నాశనం చేస్తుందని, అలా రెండు లిపిడ్ల సమతుల్యం నిలుస్తుందని చూపింది. 2014లో మంజులా రెడ్డి బృందం ఈ వ్యవస్థకు అవసరమైన మరో ప్రోటీన్‌ను వివరించింది. దాని పేరు వైసిఐ-ఎమ్. అది లేని కణంలో ఎల్‌పిఎక్స్-సి పెరిగి, లైపోపాలిశాకరైడ్ మితిమీరి తయారై, కణం చనిపోతుంది. పోలండ్‌లో పనిచేసిన మరో బృందం అదే సంవత్సరం ఇదే ప్రోటీన్‌ను లాప్-బి అనే పేరుతో వివరించింది. రెండు చోట్ల స్వతంత్రంగా ఒకే ఫలితం రావడం శాస్త్రంలో బలమైన సాక్ష్యం.

2021లో హైదరాబాద్ నుంచి మరో ముఖ్యమైన ఫలితం వచ్చింది. బ్రౌన్ లైపోప్రోటీన్‌ను పెప్టిడోగ్లైకాన్‌కు కట్టే ఎంజైముల కుటుంబం అప్పటికే తెలుసు. అదే కుటుంబానికి చెందిన ఎల్‌డిటి-ఎఫ్ అనే ప్రోటీన్ ఆ బంధాన్ని తెంచుతుందని ఈ బృందం నిరూపించింది. కుట్లు వేసే కుటుంబంలోనే కుట్లు విప్పేది కూడా ఉందన్నమాట. 1969లో బ్రౌన్ చూపిన బంధం శాశ్వతమైనది కాదని, అవసరాన్ని బట్టి మారుతుందని దీనితో తెలిసింది. 2023లో ఫాస్ఫోలిపిడ్ తయారీకీ కవచ విస్తరణకూ మధ్య ఉన్న సంబంధం గురించి ఇదే ప్రయోగశాల నుంచి మరో పత్రం వెలువడింది. కవచం, త్వచం ఒకదాని సంగతి ఒకటి తెలుసుకుంటూ పెరుగుతాయన్న అవగాహన ఇప్పుడు బలపడుతోంది. కణకవచ నిర్మాణం మీద చేసిన కృషికి మంజులా రెడ్డికి 2019లో జీవశాస్త్ర విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

(ఇ) మెప్-ఎస్‌నూ ఎల్‌పిఎక్స్-సినీ కణం అదుపుచేసే పద్ధతుల్లో ఉన్న పోలిక ఏమిటి?
(ఈ) మూడు మెప్ ఎంజైములూ లేని కణం ఎందుకు పగిలిపోతుంది?

9. ఈ చరిత్ర మనకెందుకు?

2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 లక్షల 70 వేల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియా వ్యాధులే ప్రత్యక్ష కారణమని 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మందులు అత్యవసరమైన బాక్టీరియాల జాబితా ప్రకటించినప్పుడు, అత్యంత కీలకమైన వర్గంలో చేర్చినవన్నీ గ్రామ్ రుణాత్మకాలే. ఇందుకు ఒక ముఖ్య కారణం మీరు పైన చదివిన బాహ్య త్వచమే. మందు లోపలికి చేరకపోతే ఎంత శక్తిమంతమైనదైనా నిరుపయోగం.

ఈ సమస్యకు మన ప్రాంతం దూరంగా లేదు. హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరు వద్ద ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. అలాంటి నీటిలో మందును తట్టుకున్న బాక్టీరియాలే మిగులుతాయి. కొలిస్టిన్ సంగతి ఇంకా సూటిగా మన పాఠానికి సంబంధించినది. అది బాహ్య త్వచంలోని లైపోపాలిశాకరైడ్‌కు అంటుకుని త్వచాన్ని చెదరగొట్టే మందు. వేరే మందులేవీ పనిచేయని రోగులకు చివరి అస్త్రంగా వాడతారు. కోళ్ళ పెంపకంలో కూడా దీన్ని వాడుతుండడంతో, ఆహారానికి పెంచే జంతువులకు కొలిస్టిన్ తయారీ, అమ్మకాలను భారత ప్రభుత్వం 2019లో నిషేధించింది. కోళ్ళఫారాలు విస్తారంగా ఉన్న రంగారెడ్డి జిల్లా విద్యార్థులు ఈ నిర్ణయం వెనుక ఉన్న కణజీవశాస్త్రాన్ని తెలుసుకోవడం అవసరం.

కొత్త మందులకు మెప్ ఎంజైములు, ఎల్‌పిఎక్స్-సి మంచి లక్ష్యాలు కాగలవు. అయితే ఇక్కడ తొందరపడి నిర్ధారణకు రాకూడదు. ఎల్‌పిఎక్స్-సిని ఆపే పదార్థాలు మనుషుల మీద పరీక్షల వరకు వచ్చినా ఆమోదం పొందిన ఔషధంగా మారలేదు. 1928లో గుర్తించిన పెన్సిలిన్ పనితీరు వివరంగా తెలియడానికి 1965 వరకు పట్టింది. పెన్సిలిన్ విషయంలో మందు ముందు వచ్చింది, అవగాహన తరువాత వచ్చింది. ఇప్పుడు అవగాహన ముందు వచ్చింది. మందు ఇంకా రావలసి ఉంది.

10. సారాంశం

కణం చుట్టూ ఉన్న త్వచం గురించిన ఊహ 1890ల్లో మొదలై, 1972 నాటికి స్పష్టమైన నమూనాగా మారింది. పెన్సిలిన్ పనితీరును వెతికే క్రమంలో కణకవచ నిర్మాణం తెలిసింది. గ్రామ్ రుణాత్మక బాక్టీరియాలో పలుచని పెప్టిడోగ్లైకాన్ మీద బాహ్య త్వచం ఉంటుందని 1960లు, 1970ల్లో తేలింది. పెరుగుదలకు పాత బంధాలను తెంచడం తప్పనిసరి అని ఇ. కోలైలో 2012లో సీసీఎంబీ పరిశోధన నిరూపించింది. తెంచే ఎంజైములనూ, బాహ్య త్వచ లిపిడ్ల తయారీనీ కణం ఒకే రకమైన ఉపాయంతో అదుపు చేస్తుంది. అవసరం తీరిన ఎంజైమును నాశనం చేయడమే ఆ ఉపాయం. కాబట్టి కణం పెరుగుదలను కేవలం తయారీగా చూడకూడదు. కట్టడం, తెంచడం, ఈ రెండింటినీ అదుపులో ఉంచడం కలిస్తేనే పెరుగుదల.

11. కీలక పదాలు

పెప్టిడోగ్లైకాన్: చక్కెర గొలుసులు, పెప్టైడ్ బంధాలతో ఏర్పడే బాక్టీరియా కణకవచ పదార్థం.
బాహ్య త్వచం: గ్రామ్ రుణాత్మక బాక్టీరియాలో కణకవచానికి వెలుపల ఉండే రెండు వరుసల లిపిడ్ పొర.
లైపోపాలిశాకరైడ్: బాహ్య త్వచం బయటి వరుసలో ఉండే, కొవ్వు, చక్కెర భాగాలు కలిసిన అణువు.
పోరిన్లు: బాహ్య త్వచంలో చిన్న అణువులకు దారినిచ్చే ప్రోటీన్ రంధ్రాలు.
ద్రవాభిసరణం: పలచని ద్రావణం నుంచి గాఢమైన ద్రావణం వైపు త్వచం గుండా నీరు ప్రవహించడం.

12. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కణకవచం పెరుగుదలలో బంధాలను తెంచే ఎంజైముల పాత్ర మీద జరిగిన పరిశోధనల చరిత్రను వివరించండి.
2. బాహ్య త్వచంలో లిపిడ్ల సమతుల్యాన్ని కణం ఎలా కాపాడుకుంటుంది? తగిన ప్రయోగాల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బ్రౌన్ లైపోప్రోటీన్
2. 1996 నాటి జపాన్ పరిశీలనకు 2015లో దొరికిన వివరణ
3. కొలిస్టిన్ నిషేధం, దాని శాస్త్రీయ నేపథ్యం